డ్రోన్ దించి సంఘం షాట్ తీద్దాం

మేడారం జాతర అయిపోయిన వారానికి ఫోన్లలో ఒక వీడియో తిరుగుతుంది. డ్రోన్ మెల్లగా పైకి లేస్తుంది. జంపన్న వాగు ఒడ్డు పొడుగునా కవర్లు, సీసాలు, తిని పారేసిన ప్లేట్లు. వెనక ఏడుపు మ్యూజిక్. చివర్లో ‘మనం ఎప్పుడు మారతాం?’ అని ఒక గొంతు. కింద కామెంట్లలో భక్తులను తిట్టేవాళ్లే ఎక్కువ. పిల్లను చంకనెత్తుకుని, అమ్మవార్లకు ఇచ్చే బంగారం (బెల్లం) తలమీద మోసుకుంటూ వచ్చిన తల్లి దాహమేసి నీళ్ల ప్యాకెట్ కొనుక్కుంది. ఆ చోట ఆమెకు ఇంకేం దొరికేది? ఈ ప్రశ్న అడిగిన వీడియో నాకైతే కనిపించలేదు.

పర్యావరణం మీద మన దగ్గర వచ్చే వీడియోల్లో చాలావాటికి ఇదే జబ్బు. పైనుంచి చూస్తాయి.

ఈ చూపుకు పేరు పెట్టినవాళ్లు తెలంగాణలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే దాన్ని ‘పటేల్ షాట్’ అన్నారు. పటేలు కూలీలను చూసే చూపు అది. ఎదుటి మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెడితే ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ సమానం కనుక. 2002 మార్చిలో జన్యువులు మార్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక వీళ్లే కెమెరాలతో వరంగల్ చేలకు వచ్చారు. ఆ సీజన్‌లో మళ్లీ మళ్లీ వచ్చి, పత్తి రైతులతో మాట్లాడి, 2003లో సినిమా చేశారు. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. పొలం పని చేసిన మనిషి వచ్చి అడిగితే రైతు చెప్పే జవాబు వేరు. మైకు పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ జవాబు అంత తొందరగా దొరకదు.

నిరుడు ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు హనుమకొండలో గునుగు కట్టలు అమ్ముతున్న ఒక పెద్దమ్మ పక్కన గొంతుకూర్చున్నాను. ఫోను ఆమె మొహానికి సమానంగా పట్టుకుని “పెద్దమ్మా, గింత పిరమైందేందే గునుగు?” అని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు. కాడలు సమానం చేసి దారం చుడుతూనే చెప్పింది: “నన్నేం జెయ్యమంటవ్ బిడ్డా. ఇదివరకు పత్తి చేన్ల ఊకెనే తెంపుకచ్చేటోళ్లం. ఇప్పుడు అందరు గడ్డి మందు గొట్టవట్టిరి. ఇగ గునుగు ఏడుంటది? గుట్ట మొదట్ల దాక పోయి తెచ్చిన.”

మొత్తం నలభై సెకన్ల వీడియో. గునుగు చేలో తనంతట తాను మొలిచే కలుపు మొక్క. కూలీలు దొరక్క, దొరికినా కూలి ఇచ్చుకోలేక రైతు గడ్డి మందు కొడతాడు. దాంతోపాటే బతుకమ్మ పువ్వూ పోతుంది. జీవవైవిధ్యం మీద గంట ఉపన్యాసంలో చెప్పేది ఆ కట్ట పట్టుకున్న చేతుల్లోనే ఉంది. చూసినవాళ్లు కింద ఎవరినీ తిట్టలేదు, తమ ఊళ్ల సంగతి రాశారు. మా దగ్గర తంగేడు కూడా తగ్గిందని ఒకరు, మా అమ్మ చేనుగట్టు మీద మందు కొట్టనివ్వదని ఇంకొకరు. లోగో, టైటిల్, ‘నమస్కారం, వెల్‌కమ్’ లాంటివేమీ పెట్టకుండా నేరుగా ఆ చేతులతోనే మొదలుపెట్టడం కూడా పనిచేసింది అనుకుంటున్నాను. మొదటి మూడు సెకన్లలో బొటనవేలు పైకి జరిపేసే మనిషిని ఆపగలిగేది పని చేస్తున్న చెయ్యే.

అంకెల దగ్గరా ఇదే మాట. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన నమోదైంది. రాష్ట్రంలో అంతకు ముందు అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. అదే ఉదయం భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగి జనం ఇళ్లపైకి ఎక్కారు. ఆ దృశ్యాలు రెండు రోజులు తిరిగాయి, తర్వాత అందరూ మరిచిపోయారు. 64.98 అని తెరమీద ఎర్ర అక్షరాలతో వేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక కర్ర మీద 65 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, ఆ కర్రను మన వాకిట్లో నిలబెట్టి చూపించండి. గీత మోకాలు దాటుతుంది. పారకుండా, ఇంకకుండా పడ్డ నీళ్లు పడ్డచోటే నిలిస్తే ఇల్లు, చేను, గుట్ట అన్న తేడా లేకుండా అంతటా అంత లోతు ఉండేవి. ఆ నీళ్లన్నీ వాగుల్లోకి దిగాలి. ఇక అక్కడి నుంచి కాకతీయుల గొలుసుకట్టు చెరువులు, పూడిన కాలువలు, చెరువు శిఖం భూముల్లో లేచిన ఇళ్లు, ఏ సంగతి ఎత్తినా జనం వింటారు.

భాష గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తడి చెత్త, పొడి చెత్త మీద ఒకసారి ఒక సంస్థకు వీడియో చేసిచ్చాను. ‘ఇంటి భాష వద్దు, హుందాగా ఉండాలి’ అని మొత్తం మార్పించారు. ‘సుస్థిర వ్యర్థ నిర్వహణ’ అన్న మాట దగ్గరే మా అమ్మ ఫోను పక్కన పెట్టేసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ 2012లో మొదలైంది. అందులో కనిపించిన గంగవ్వ మాటను రెండు రాష్ట్రాల జనం ఆమె యాసలోనే విని మెచ్చుకున్నారు. ఇంకా ఏం రుజువు కావాలి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది అబద్ధం. ఒక్క కషాయంతో పురుగు మాయం, మొదటి ఏడాదే రెట్టింపు దిగుబడి అంటూ వచ్చే వీడియోలకు లక్షల్లో వ్యూస్ ఉంటాయి. అది నమ్మి కౌలు రైతు ఒక పంట పోగొట్టుకుంటే ఆ పాపం ఎవరిది? బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయని చెప్పేవాళ్లు కూడా ముందు ఆ నీళ్లను పరీక్ష చేయించి చెప్పాలి.

నిజం చెప్తే ఎవరూ చూడరని భయపడేవాళ్లు జనగామ జిల్లా ఏనబావికి వెళ్లి రావాలి. చిన్న ఊరు. 2006 నాటికి ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగు మందులు మానేసింది. అక్కడికి చేరడానికి ఏళ్లు పట్టాయి. 1990ల్లో ఎర్ర గొంగళి పురుగుతో మొదలైన పని అది. తొలకరి పడ్డాక రాత్రిపూట ఆ పురుగు రెక్కల పురుగై లేస్తుంది, వెలుతురుకు వస్తుంది. అందుకని చేలల్లో మంటలు పెట్టారు. ఒక్కడు పెడితే లాభం లేదు, పక్క చేలో లేచిన పురుగు ఇటే వస్తుంది. ఊరంతా పెట్టాలి.

దీన్ని ఒక్క రీల్‌లో కుక్కకండి. పది భాగాలు చేయండి. మొదటి భాగం తొలకరి రాత్రి, చీకట్లో మంట, దాని మీదికి వచ్చి పడుతున్న పురుగుల చప్పుడు. మ్యూజిక్ వద్దు. మంట పక్కన కూర్చున్న రైతు పక్కనే మీరూ కూర్చోండి, ఫోను ఆయన కళ్ల ఎత్తులో పట్టుకుని, మొదటి ఏడాది ఎవరు రానన్నారో, వాళ్లను ఎట్లా ఒప్పించారో అడగండి.