గోరంత పువ్వుకు కొండంత మర్యాద

గోదావరి డెల్టాకు వచ్చిపడిన అసలు కష్టం ఏమిటంటే, ఇక్కడ ఏ కష్టమూ లేకుండా మొక్క బతికేస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టి దండలు వేస్తున్నాం గానీ, ఆయన చేసిన అన్యాయం గురించి ఒక్కరూ మాట్లాడరు. కాలువ గట్టున పారేసిన మునగ కొమ్మ చిగురేస్తుంది. పెరట్లో ఉమ్మేసిన బొప్పాయి గింజ ఏడాది తిరిగేసరికి కాయ చూపిస్తుంది. ఇలాంటి చోట "నేను మొక్కను బతికించానండీ" అని చెప్పుకునే పెద్దమనిషికి విలువేముంది?

ఆ లోటు తీర్చడానికే చిట్టి ఆర్కిడ్లు మన ఇళ్లలోకి వచ్చాయి. కడియం నర్సరీలకు వెళ్తే పెద్ద పూల డెండ్రోబియం ఆర్కిడ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. అందరికీ దొరికేదానికి పరువేముంటుంది? ఒకప్పుడు మావాళ్లు ఎకరాలు చెప్పుకునేవారు, ఇప్పుడు మిల్లీమీటర్లు చెప్పుకుంటున్నారు. మధ్య అమెరికా అడవుల్లో ప్లాటిస్టెలే అనే జాతి ఉంది. అందులో ఒక రకం పువ్వు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మా వీధిలో దాన్ని చూసినవాడు లేడు, దాని గురించి మాట్లాడనివాడూ లేడు.

ఇంటికి చుట్టం వస్తే ముందు కాళ్లకు నీళ్లు, ఆ వెంటనే చేతికి భూతద్దం.

"కనబడిందాండీ?"

"ఆయ్, కనబడిందండీ. ఎంత బాగుందండీ!"

"అది ఆకండీ. పువ్వు దాని కిందండీ."

పువ్వు కనబడేదాకా పూతరేకుల పళ్లెం వంటింట్లోంచి కదలదు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆకలి చూపును పదును పెడుతుంది.

ఇక మొక్కను కుదురుకునేలా చేయడమనేది ఒక యజ్ఞం. దీన్ని మట్టిలో పెట్టకూడదు. బెరడు ముక్క మీద పిడికెడు నాచు పరిచి, మొక్కను గాలం దారంతో కదలకుండా కట్టాలి. కొంచెం ఊగినా కొత్త వేరు మొన రాసుకుని ఆగిపోతుంది. ఆకుపచ్చ మొనతో వచ్చిన వేరు బెరడును పట్టుకునేదాకా దారం విప్పకూడదు. వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఆరితే వెండిలా తెల్లబడుతుంది, నీళ్లు తగలగానే పచ్చబడుతుంది. గడియారం చూసి కాదు, ఆ రంగు చూసి నీళ్లు పోయాలి. అదీ పొద్దున్నే, సాయంత్రానికి ఆకుల మధ్య తడి ఆరిపోయేలా. ఈ మాత్రం శ్రద్ధతో పక్కింటి గుమ్మం గమనిస్తే ఊరి రహస్యాలన్నీ తెలిసిపోయేవి.

బెరడు పోర్చుగల్‌ది, నాచు చిలీదో న్యూజిలాండ్‌దో అయి ఉండాలి. కొబ్బరి డొక్కను నాలుగైదుసార్లు నీళ్లు మార్చి నానబెడితే ఉప్పు దిగిపోయి అదీ పనికొస్తుంది. కానీ కోనసీమలో డొక్క మన పెరట్లోనే దొరుకుతుంది. అదే దాని నేరం. అదే నేరానికి వాండా టెసెల్లేటా కూడా వెలి అయింది. మన వైపు పాత మామిడి కొమ్మల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పూసే ఆర్కిడ్ అది. పాస్‌పోర్టు లేని మొక్కకు మన హాల్లో చోటెక్కడిది?

మామిడి పేరు వింటే ఇంట్లో మామ్మగారు ఊరుకోరు. "బదనికను తెచ్చి గోడకు కట్టుకున్నావేంట్రా!" అంటారు. బదనిక చెట్టు రసం పీలుస్తుందనీ, ఆర్కిడ్ కొమ్మ మీద కూర్చుంటుందే గానీ చెట్టు సొమ్ము ముట్టదనీ, వాన నీళ్లతో గాలిలో తేమతో బతుకుతుందనీ మనవడు విడమరిచి చెబుతాడు. "అయితే నీకన్నా అదే నయం" అని ఆవిడ తేల్చేస్తారు. వృక్షశాస్త్రం ఇంత క్లుప్తంగా నేనెక్కడా వినలేదు.

నీళ్ల సంగతికొస్తే, ఈ వేళ్లకు లవణాలు పడవు. వాన నీళ్లు డ్రమ్ములో పట్టాలి, లేదా ఫిల్టరు నీళ్లు కొనాలి. అందుకని ఇరవై లీటర్ల టిన్ను మొక్కకు, బోరు నీళ్లు మనుషులకు. భీమవరం వైపు ఒక రొయ్యల రైతు చెరువు గట్టున ఉండాల్సిన, నీళ్లలో లవణాలు కొలిచే టీడీఎస్ మీటరును ఇంటికి తెచ్చేశారు. రొయ్యలు ఓర్చుకుంటాయట.

తేమ మాత్రం మనకు సముద్రం ఉచితంగా పంపిస్తుంది. సంతోషిద్దామంటే, గాలి ఆడని తేమలో ఈ మొక్కలు కుళ్లిపోతాయి. అంచేత కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద నడిచే ఒకే ఒక్క ఫ్యాను ఆర్కిడ్ గారికి. ఇంటిల్లిపాదీ విసనకర్రలతో అరుగు మీద. పొగమంచు కొండల్లో పుట్టిన లెపాంథెస్ లాంటి చిట్టి ఆర్కిడ్లకు అదీ చాలదు, రాత్రి చల్లబడాలి. మే నెలలో మన రాత్రుల సంగతి తెలిసిందే. కాబట్టి ఏసీ గదిలోంచి మావగారు హాల్లోకి మారాల్సి వచ్చింది.

ఇంత త్యాగం జరుగుతుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోవడం భావ్యం కాదు. చిట్టి ఆర్కిడ్‌ను వెంటనే పంటగా గుర్తించాలి. అడంగల్‌లో సర్వే నంబరు బదులు కిటికీ నంబరు, విస్తీర్ణం చదరపు అంగుళాల్లో రాయాలి. ఒక్క ఆకు పసుపు తిరిగినా పంట నష్టం కట్టివ్వాలి. అంచనాకు వచ్చే అధికారులకు కుర్చీలు వేస్తాం, కొబ్బరి నీళ్లు ఇస్తాం, భోజనం చేయందే కదలనివ్వం. ఫ్యాను మాత్రం వాళ్ల వైపు తిప్పమని అడగకూడదు.