సవరణ: అప్‌గ్రేడ్ డబ్బు దారిపొడవునా పనిచేయదు

విశాఖ నుంచి ఢిల్లీ మీదుగా లండన్ వెళ్లేవాళ్లు ఎకానమీ నుంచి అప్‌గ్రేడ్‌కి ఒక్కసారి డబ్బు కడితే రెండు విమానాల్లోనూ బిజినెస్ క్లాసే అన్నట్టుంది ముందు పోస్టు. అలా కాదు. అప్‌గ్రేడ్ మామూలుగా సెక్టారుకు (అంటే దారిలో ఒక్కో విమానానికి) ఇంత, మనిషికి ఇంత. అప్‌గ్రేడ్‌కి ఎంత ఇస్తామో మనమే వేలంపాటలా చెప్పే బిడ్‌లో, మొత్తాన్ని అటూ ఇటూ జరిపే స్లైడర్ మీద కనిపించేది కూడా ఎక్కువగా ఒక్కరి మొత్తమే. ఒకే పీఎన్ఆర్‌లో ముగ్గురుంటే మూడింతలు కార్డులోంచి పోతుంది. ఢిల్లీ దాకా రెండు గంటల చిల్లరకి ఖర్చెందుకు? పెట్టేదేదో లండన్ సెక్టారుకే పెట్టండి.

ముందు పోస్టులో పన్ను 12 శాతం అన్నది పాత లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని క్లాసులకు జీఎస్టీ 18 శాతం, ఎకానమీకి 5 శాతమే. అప్‌గ్రేడ్ దొరికితే, ఎకానమీలో ముందే కొనుక్కున్న కిటికీ సీటు డబ్బు చాలాచోట్ల వెనక్కి రాదు, బిడ్ తేలేదాకా సీటు కొనకండి.