ఆ డిస్కులు పారేయకండి, ముందు ఇమేజ్ సరిగ్గా తీయండి

మీ ఇంట్లో ఏదో బీరువా అడుగున సీడీల పౌచ్ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఈ వారమే బయటికి తీయండి. బతిమాలి చెప్తున్నాను, ఎందుకంటే నేను ఈ పని తప్పుగా చేసి నష్టపోయాను.

కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్క్ డ్రైవ్ లేదు. అందుకని పాత సిస్టమ్ వదిలించుకునే ముందు ఉన్న డిస్కులన్నిటికీ ఐఎస్ఓలు (డిస్కుని ఒకే ఫైల్‌గా చేసే కాపీ, ఒక రకం ఇమేజ్) తీసుకుని, అసలువి పారేశాను. చిన్నప్పటి నుంచి ఆడిన రేసింగ్ గేమ్ కూడా అందులో ఉంది. కొన్నాళ్లకి ఆ ఐఎస్ఓని మౌంట్ చేస్తే, అంటే డ్రైవ్‌లో డిస్కు పెట్టినట్టు తెరిస్తే, గేమ్ తెరుచుకుంది, కార్లు పరిగెత్తాయి, సంగీతం మాత్రం లేదు. నాకు ఆ గేమ్ అంటే ఆ సంగీతమే.

కారణం తర్వాత తెలిసింది. ఆ డిస్కులో మొదటి ట్రాక్ డేటా, మిగతావన్నీ మామూలు ఆడియో సీడీ ట్రాకులు. సీడీలో సమాచారం చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క (సెక్టార్) 2352 బైట్లు. డేటా ట్రాక్‌లో వాటిలో 2048 మాత్రమే ఫైళ్లకి, మిగతాది తప్పులు సరిదిద్దుకునే కోడ్ వగైరా. ఐఎస్ఓ ఆ 2048నే పట్టుకుంటుంది. ఆడియో ట్రాక్‌లో 2352 బైట్లూ పాటే, దానికి ఐఎస్ఓలో చోటే లేదు. బిన్, క్యూ జంటగా (బిన్‌లో సెక్టార్లు పూర్తిగా, క్యూలో ఏ ట్రాక్ ఎక్కడుందన్న జాబితా) తీసి ఉంటే అన్నీ దక్కేవి. వీడియో సీడీలకీ ఇదే గండం: సినిమా ఉండే సెక్టార్లలో 2324 బైట్ల చొప్పున ఉంటుంది, మామూలు ఐఎస్ఓలో అది పాడైపోతుంది. పెళ్లి వీడియో సీడీలు దాచుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సరిగ్గా తీసిన ఇమేజ్ ఉంటే మాత్రం వర్చువల్ డ్రైవ్‌ని, అంటే ఇమేజ్ ఫైల్‌ని నిజం డిస్కులా చూపించే సాఫ్ట్‌వేర్‌ని, మించిన సుఖం లేదు. ప్రోగ్రామ్ ఫలానా సెక్టార్ కావాలని అడుగుతుంది, డ్రైవర్ దాన్ని హార్డ్ డిస్కులోని ఫైల్ నుంచి తీసి ఇస్తుంది. 52ఎక్స్ సీడీ డ్రైవ్ ఎంత గింజుకున్నా సెకనుకి 7.8 ఎంబీ దాటదు. ఇక్కడ ఆ ఎదురుచూపు లేదు, గీతలు పడతాయన్న భయం లేదు.

ఒక విషయం మీద నాకు నిజంగా కోపం. ఉత్త ఐఎస్ఓ తెరవడానికి ఎక్కడెక్కడి నుంచో 'ఫ్రీ' వర్చువల్ డ్రైవ్‌లు దింపుకుని, వాటితో వచ్చిన యాడ్‌వేర్‌తో (అడక్కుండా ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్) తంటాలు పడేవాళ్లని ఇంకా చూస్తున్నాను. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. మాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఆ సౌకర్యం ముందు నుంచే ఉంది. బిన్, క్యూ లాంటి వాటికే డీమన్ టూల్స్ వంటిది కావాలి, అదీ దాని సొంత సైట్ నుంచే. ఇంకోటి, మెయిల్‌లో ఎవరో పంపిన ఐఎస్ఓని తెరవకండి. ఇంటర్నెట్ నుంచి దింపిన ఫైల్ అని హెచ్చరించడానికి విండోస్ వేసే గుర్తు, ఐఎస్ఓ లోపలి ఫైళ్లకి చాలాకాలం అంటేది కాదు. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది 2022 నవంబర్‌లో.

కాపీ ప్రొటెక్షన్ సంగతి మరీ అన్యాయం. సేఫ్‌డిస్క్ అనే కాపీ అడ్డుకునే తాళం ఉన్న గేమ్‌ని డబ్బు పెట్టి కొన్నాం, అసలు డిస్కు చేతిలోనే ఉంది, అయినా విండోస్ 10లో ఆడదు. దాని డ్రైవర్‌ని భద్రత కారణంగా తీసేశారు. ఆ నిర్ణయం సరైనదే, ఒప్పుకుంటాను. కానీ కొన్నవాడికి మరో దారి చూపించాల్సిన బాధ్యత గేమ్ అమ్మినవాళ్లది కాదా?

ఇమేజ్ తీశాక మౌంట్ చేసి, ప్రతి ఫోల్డరూ తెరిచి, ప్రతి పాటా విని చూడండి. అంతవరకు డిస్కు పారేయకండి.

మా అక్క ఎప్పుడో రాసిపెట్టిన సీడీలు పదకొండు నా దగ్గరే ఉన్నాయి. తొమ్మిది అయిపోయాయి. పదోది మధ్యలో ఆగిపోతోంది, దానిమీద నిన్న రాత్రి నుంచి డీడీరెస్క్యూ (పాడైన డిస్కుల నుంచి చదవగలిగినంత తీసే ప్రోగ్రామ్) నడుస్తోంది. ఇంకా నలభై సెక్టార్లు రావాలి.