జ్వరం ఇంట్లో, ‘నిల్’ రిజిస్టర్‌లో

ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ సూది వేసిన పిల్లల్లో సగం మంది దాకా జ్వరం రావచ్చు. ఈ సంగతి ఆశా కార్యకర్తకు తెలుసు. రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరిగిన తల్లికి ఇంకా బాగా తెలుసు. తెలియనిదల్లా రిజిస్టర్‌కే. టీకా తర్వాతి ఇబ్బంది చిన్నదైనా పెద్దదైనా అందులోకి ఎక్కాలి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అక్కడ తరచూ కనబడే మాట ఒక్కటే: నిల్, అంటే ఏ ఇబ్బందీ లేదని.

ఎందుకు నిల్? రాస్తే ఏమవుతుందో టీకా వేసే నర్సు ఏఎన్‌ఎంకు తెలుసు కాబట్టి. ఫిట్స్ వచ్చాయనో, సూది పడిన చోట చీము పట్టిందనో పైకి పంపితే ముందు మెమో వస్తుంది, విచారణ తర్వాత. రాయనివారిని మాత్రం అడిగే నాథుడు లేడు.

ఇలాంటివి బయటపెడితే జనం టీకాలకే దూరమవుతారని అధికారుల వాదన. టీకాలు ప్రాణాలు నిలబెడతాయనడంలో మాకూ అనుమానం లేదు. కానీ నిల్ అని రాసిన ఊళ్లోనే కదా పుకారు పుట్టేది!

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేయించుకున్న పసివాళ్లకు పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలిచ్చారు. ఇద్దరు చనిపోయారు. ఆరా తీశారు కాబట్టే తప్పు మాత్రదని తేలింది. అదే నల్లమలలోని చెంచు పెంటలో, అంటే చెంచుల గూడెంలో జరిగి ఉంటే? నింద టీకా మీద, రిజిస్టర్‌లో నిల్. అమెరికాలో 1998లో అనుమతి పొందిన రోటావైరస్ విరేచనాల టీకా రోటాషీల్డ్‌ను మరుసటి ఏడాదే ఆపించింది, పేగులో పేగు చొచ్చుకుపోయిందంటూ అందిన 15 నివేదికలు. వాటి స్థానంలో 15 నిల్‌లు ఉంటే?

పొరుగున ఖమ్మం అనుభవమైనా గుర్తుండాలి. 2009-10లో అక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కడిగేసింది. అంగీకార పత్రాలపై వార్డెన్ల సంతకాలు, దుష్ప్రభావాలు కనిపెట్టే ఏర్పాటులో లోపాలు. పన్నెండేళ్లు దాటినా నేర్చుకున్నది నిల్ రాయడమేనా?

మన దగ్గర ఇంకో చిక్కుంది. బుధవారం తండాలో టీకా, గురువారం తల్లిదండ్రులతో పాటు బిడ్డ ముంబయి బస్సులో. వలస పోనివాళ్లు అర్ధరాత్రి ఆర్‌ఎంపీ తలుపు తడతారు. ఆయన సిరప్ ఇస్తాడు, కాగితం రాయడు. ప్రజలు, ప్రైవేటు వైద్యులు నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలుండాలని 2022 మేలో కొవిడ్ టీకాల కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 1800-180-3024 అనే ఉచిత నంబరూ ఉంది. ఎన్ని సబ్‌సెంటర్ల గోడలపై రాయించారు?

జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌వోలు) నిల్ పంపిన పీహెచ్‌సీలకు శభాష్ అనడం ఆపి, తనిఖీకి ముందుగా అక్కడికే పోవాలి. సమీక్షలు, స్లైడ్లు చాలు. చందంపేటలోనో అమ్రాబాద్‌లోనో ఒక్క తల్లిని అడగండి, సూది వేయించిన రాత్రి పిల్ల నిద్రపోయిందా అని.