మిల్లు కప్పు కింద భోజనం

ముంబై లోయర్ పరేల్‌లో ఒక పాత బట్టల మిల్లును రెస్టారెంట్‌గా మార్చారు. ఆ మధ్య మా పెదనాన్నను అక్కడికి తీసుకెళ్లాను. 1982 సమ్మె దాకా బొంబాయి మిల్లులో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసి, తర్వాత సిరిసిల్ల తిరిగొచ్చిన మనిషి. మెనూ పక్కన పెట్టేసి పైకే చూస్తూ కూర్చున్నాడు. రంపం పళ్లలా వరసగా లేచిన కప్పు, ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు. "ఎండ సూటిగా పడొద్దని గట్ల కట్టిండ్రు బిడ్డా, లేకుంటే తెగిన పోగు కనవడదు" అన్నాడు.

వడ్డించే అబ్బాయికి ఆ సంగతి తెలియదు. ఎలా తెలుస్తుంది, అది ఏ మిల్లో, ఎవరు పనిచేశారో గోడల మీద ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు.

పాత మిల్లుల్లో, గోదాముల్లో హోటళ్లు పెట్టడం నాకు ఇష్టమే. అంత ఎత్తు కప్పు, పోత ఇనుము స్తంభాలు, మందపాటి గోడలు ఈరోజు కొత్తగా ఎవరు కట్టిస్తారు? కూల్చేసి టవర్ లేపడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఆ జాగా ఊరికే ఖాళీ అవలేదు. 1982లో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు, వాళ్లలో తెలంగాణ నుంచి వలసెళ్లిన మన పద్మశాలీలు కూడా ఉన్నారు. సమ్మె దెబ్బతింది, మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు భూమిని మూడు వాటాలు చేసి ఒకటి నగరానికి, ఒకటి పేదల ఇళ్లకు, మిగిలింది యజమానికి అని 1991లో పెట్టిన నిబంధనను, 2001లో సవరించి మిల్లు కట్టడాలున్న భూమిని వదిలేసి, ఆ పంపకాన్ని ఖాళీ జాగాకే పరిమితం చేశారు, 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఇంత జరిగిన చోట కనీసం ఒక బోర్డు పెట్టాలన్న షరతు లైసెన్సులో ఎందుకు ఉండకూడదు?

ఇంకో షరతు ప్రాణాలకు సంబంధించింది. 2017 డిసెంబర్ 29న అర్ధరాత్రి దాటాక, అక్కడే కమలా మిల్స్ ఆవరణలో ఒక భవనం పైనున్న రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు, చాలామంది బాత్రూమ్‌లోకి వెళ్లి పొగకు ఊపిరాడక పోయారు. మగ్గాల కోసం కట్టిన షెడ్డులో గ్యాస్ పొయ్యిలు, నూనె జిడ్డు పట్టిన పొగగొట్టాలు, పండగ రోజుల్లో వందలమంది జనం చేరితే లెక్క మొత్తం మారిపోతుంది. బయటికి దారులెన్ని, ఫైరింజన్ ఆ సందులోకి వస్తుందా అన్నది వంటగది పెట్టకముందే చూడాలి.

మేం తిన్న చోట వెనక తలుపుకు అడ్డంగా కూల్‌డ్రింక్ క్రేట్లు పేర్చి ఉన్నాయి. మేనేజర్‌ను పిలిచి చెప్పాను. అవి పక్కకు జరిపేదాకా నేను, పెదనాన్న అక్కడే నిలబడ్డాం.