నాయిక పేరు ముందున్న 'కె'

చెన్నై పశ్చిమ మాంబళంలో ఓ రెండు గదుల ఇంట్లో కూర్చుని పదేళ్ళుగా తెలుగులో ప్రేమ నవలలు రాస్తున్న నేను, ఈ వృత్తిలోకి రాదలచిన యువతీయువకుల మేలు కోరి, మన ప్రచురణ రంగం వైవిధ్యాన్ని ఎంతగా ఆదరిస్తున్నదో స్వానుభవంతో విన్నవించుకుంటున్నాను. నాయకుడు స్కాట్లండు జమీందారైనా, నెత్తురు తాగే పిశాచమైనా, గత జన్మలో తాచుపామైనా మా ప్రచురణకర్త కనుబొమ్మ కదలదు. ఇద్దరు యువతుల ప్రేమకథ పట్టుకెళ్ళినప్పుడైతే, స్వలింగ ప్రేమ నేరం కాదంటూ 377వ సెక్షనుపై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆయనే నాకు విడమరచి చెప్పి, ఇద్దరిదీ ఒకే శాఖ అయితే మరింత నిండుగా ఉంటుందన్నారు.

ఆయన ఎర్ర కలం మూత తీసేది ఇంటిపేరు దగ్గరే. తెలుగువారికి ఇంటిపేరు, జిల్లా చెబితే చాలు, మిగిలిన వంశవృక్షాన్ని పాఠకులే గీసుకుంటారు. రచయితకు మూడు పేజీల వర్ణన ఆదా. తమిళులతో ఈ సుఖం లేదు. కులసూచకమైన బిరుదులు వదిలేయమని 1929లోనే పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమంవారి చెంగల్పట్టు మహాసభ తీర్మానించింది. ఇక్కడ చాలామంది తండ్రి పేరులోని తొలి అక్షరంతో సరిపెట్టుకుంటారు. అది మరచి నా మైలాపూరు నాయికకు కె. కయల్విళి అని పేరు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఫోను.

"నవల అద్భుతమండీ, కన్నీరు ఆగలేదు. ఆ 'కె' ఏమిటి?"

"కన్నన్ అండీ, వాళ్ళ నాన్న పేరు. అంటే కృష్ణుడు."

"కృష్ణుడు సరే. కృష్ణుడి తరవాత ఏమీ లేదా?"

ఓర్పు కావాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడి ప్రేమకథా రచయితల సంఘం 1980లో వివియన్ స్టీవెన్స్ అనే నల్లజాతి సంపాదకురాలి చొరవతో పుట్టగా, దాని ప్రధాన పురస్కారం తొలిసారి నల్లజాతి రచయిత్రుల చేతికి వచ్చింది 2019లో. 2024లో సంఘం దివాలా పిటిషను వేసింది. తొందరపడకూడదన్నమాట.

కథలో బిగువు కోసం మాత్రం నేను పెద్దగా శ్రమపడను. కులమతాలు దాటి పెళ్ళాడేవారికి దారి చూపే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. జంట ఇచ్చిన నోటీసును, పేర్లు, వయసులు, చిరునామాలతో సహా, వివాహ అధికారి తన కార్యాలయంలో అందరికీ కనబడే చోట అంటించి, 30 రోజులు అభ్యంతరాల కోసం ఎదురుచూస్తాడు. పెదనాన్న కంటబడడానికి ఆ గోడను మించిన చోటు నా కల్పనాశక్తికి ఇంతవరకు తట్టలేదు.

చివరికి ప్రచురణకర్తే దయతలచి ఉపాయం చెప్పారు: నాయకుణ్ణి అనాథను చేస్తే ఇంటిపేరు గొడవే ఉండదు. అప్పటి నుంచి వరసగా ఏడు నవలల్లో తల్లిదండ్రులను చంపాను. "మీ పుస్తకాల్లో ఏమన్నా గత్తర తిరుగుతోందా అమ్మా?" అని పక్కింటి పిన్నిగారు కూడా అడిగారు. ఎనిమిదో నవల ప్రూఫులు నిన్ననే తిరిగి వచ్చాయి. పన్నెండో పేజీలో 'అనాథాశ్రమం' అన్న మాట కింద ఎర్రగీత ఉంది; పక్కన అంచులో, పొందికైన చేతిరాతతో, 'నడిపేది మనవాళ్ళేనా?'