కోత లేదు సరే, అవసరం ఉందా?

గోదావరి డెల్టాలో థైరాయిడ్ గడ్డ బయటపడిన ఇంట్లో ఇప్పుడు చర్చ ఒకటే: ఆపరేషనా, సూది వైద్యమా? మెడ మీద గాటు పడకుండా, కుట్లు లేకుండా, చాలావరకు ఆ రోజే ఇంటికి పంపే రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ (సూది మొన వేడితో గడ్డను కాల్చే పద్ధతి) గురించిన వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులకు ఆ మాట ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అయితే ఈ రెండింటిలో ఏది అని తర్జనభర్జన పడేలోగా, అసలు ఏదైనా చేయాలా అన్న ప్రశ్నను ఎవరూ అడగడం లేదు. నా అభ్యంతరం చికిత్స మీద కాదు, ఈ తొందర మీద.

చేతితో తడిమితే తెలిసే గడ్డలు పెద్దవాళ్ళలో నూటికి నలుగురి నుంచి ఏడుగురికి ఉంటాయి. అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. వాటిలో 90 శాతానికి పైగా క్యాన్సర్ కానివే. ఇటలీలో హానిలేని గడ్డలున్న 992 మందిని ఐదేళ్ళపాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 15 శాతం మందిలో మాత్రమే గడ్డ పెరిగింది. 18 శాతానికి పైగా జనంలో దానంతట అదే తగ్గింది. క్యాన్సర్‌గా తేలిన గడ్డలు వెయ్యికి మూడు. మింగడానికి అడ్డు లేక, మెడ బిగింపు లేక, అద్దంలో కనబడక ఉన్న గడ్డకు ఇవ్వవలసిన వైద్యం ఏడాదికో రెండేళ్ళకో ఒక స్కాన్, అంతే.

ఇబ్బంది పెట్టే గడ్డల సంగతి వేరు, అక్కడ ఈ పద్ధతి నిజంగా మేలైనది. మెడకు అనువుగా దీన్ని మలిచింది ప్రధానంగా దక్షిణ కొరియా రేడియాలజిస్టులు. తొలి ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోగి మెలకువగా ఉండగానే మెడకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ తెర మీద చూసుకుంటూ 18 గేజ్ సూదిని గ్రంథి నడిమి భాగం గుండా గడ్డలోకి పంపుతారు. మొన దగ్గర పుట్టే వేడికి చుట్టూ ఉన్న కణజాలం చచ్చిపోతుంది. సూదిని ఒకే చోట ఉంచరు. లోపలి అంచున మొదలుపెట్టి కొద్దికొద్దిగా జరుపుతూ పైకి వస్తారు. చచ్చిన భాగాన్ని శరీరమే నెలల తరబడి తొలగించుకుంటుంది. ఏడాది తిరిగేసరికి గడ్డ సాధారణంగా సగం నుంచి 80 శాతం దాకా తగ్గుతుంది. తగ్గుతుంది అన్నాను, మాయమవుతుందని అనలేదు.

పూర్తిగా ఎందుకు పోదు? గ్రంథి వెనకే స్వరపేటికకు వెళ్ళే నాడి ఉంటుంది, పక్కనే శ్వాసనాళం, అన్నవాహిక. నాడికి వేడి తగిలితే గొంతు బొంగురుపోతుంది. అందుకే జాగ్రత్తపరుడైన డాక్టరు ఆ వైపు అంచును కొంత వదిలేస్తాడు, లేదా చల్లని డెక్స్‌ట్రోజ్ ద్రవం ఎక్కించి గడ్డకూ నాడికీ మధ్య ఎడం చేస్తాడు. మిగిలిన అంచు కొందరిలో కొన్నేళ్ళకు మళ్ళీ పెరుగుతుంది, రెండోసారి చేయవలసి వస్తుంది. 1,459 మంది కొరియా రోగుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో ఇబ్బందులు 3.3 శాతం, వాటిలో పెద్దవి 1.4 శాతం. మంచి అంకెలే. కాకపోతే అవి చేయి తిరిగిన వాళ్ళ అంకెలు. రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో కొత్తగా యంత్రం కొన్న చోటికి వెళ్ళినప్పుడు, మీ చేతి మీదుగా ఎన్ని చేశారని అడగడం అమర్యాద కాదు.

సర్జన్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం మాత్ర తప్పదు, సగం తీసినా దాదాపు ఐదుగురిలో ఒకరికి హార్మోను లోటు వస్తుంది, ఇవి నిజాలే. కానీ కోసి తీసిన ముక్క పాథాలజిస్టు బల్ల మీదికి చేరుతుంది. కాల్చేసిన గడ్డ ఏ పరీక్షకూ దొరకదు. అందుకే అబ్లేషన్‌కు ముందు సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడడం) రెండుసార్లు హానిలేనిదని తేల్చాలని నిపుణుల మార్గదర్శకాలు అడుగుతాయి. స్కాన్‌లో అనుమానం ఏమాత్రం లేని కొన్ని రకాలకు మాత్రం ఒక్కసారి చాలు. ఆ రెండో సూదిని ఖర్చు పేరుతో ఎగరగొట్టే చోట చికిత్స చేయించుకోకపోవడమే మంచిది. ఛాతీలోకి దిగిన పెద్ద గడ్డలకు నేటికీ కత్తే దిక్కు.

నీరు నిండిన గడ్డలకు ఇంతకంటే చవకైన ఉపాయం ఉంది. నీరు లాగేసి, శుద్ధమైన ఆల్కహాల్ ఎక్కిస్తే చాలామందికి తగ్గిపోతుంది. 2020 నాటి యూరోపియన్ థైరాయిడ్ సంఘం మార్గదర్శకాలు మళ్ళీ మళ్ళీ నీరు చేరే గడ్డలకు ముందుగా సూచించేది దీన్నే. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బహుశా అందుకే ప్రకటనలూ లేవు.

కొరియా నుంచి నేర్వవలసిన రెండో పాఠం ఎవరూ ప్రచారం చేయరు. అక్కడ 1999లో ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలయ్యాక, కొద్దిపాటి అదనపు రుసుముకే మెడ స్కాన్ కూడా చేసే అలవాటు పాకింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాల్లో మాత్రం మార్పు లేదు. అంటే వెతికి పట్టుకున్నవి చాలావరకు ఎవరినీ చంపని గడ్డలు. వాటికోసం వేలమంది గ్రంథిని వదులుకున్నారు. మన పట్టణాల్లో బాడీ చెకప్ ప్యాకేజీలో మెడ స్కాన్ చేరిందంటే ఆ దారిలో మొదటి అడుగు పడినట్టే.

డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళు సెలవు మీద వచ్చినప్పుడు పళ్ళ దగ్గరి నుంచి గర్భాశయం దాకా అన్నీ ఒకేసారి చూపించుకుంటారు. వాళ్ళకు ఒకటి రెండు రోజుల్లో పనిలోకి వెళ్ళగలిగే చికిత్స వరంలా కనిపిస్తుంది. అయితే ఈ చికిత్స ఫలితం తేలేది ఆరు నెలలకూ ఏడాదికీ చేసే స్కాన్లలో. అప్పటికి ఆమె ఇక్కడ ఉండదు. ఇలాంటి వారికి గడ్డ తొందరపెట్టనప్పుడు వచ్చే సెలవు దాకా ఆగమని చెప్పే డాక్టరు కావాలి. ఆ సలహాకు వచ్చే ఫీజు ఒక కన్సల్టేషన్ మాత్రమే.

డబ్బు లెక్క అక్కడే తిరకాసు పెడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, చికిత్సకో ప్యాకేజీ చొప్పున నడుస్తుంది. థైరాయిడ్ కోతకు అందులో ధర ఉంది. ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండడానికి ఏ ప్యాకేజీ పద్ధతిలోనూ ధర కట్టడం కష్టం. చేపల చెరువుల డబ్బున్నవాడు అబ్లేషన్ కొనుక్కుంటాడు, కార్డున్న కూలీ ఆపరేషన్ బల్ల ఎక్కుతాడు, ఇద్దరిలో చాలామందికి ఏదీ అవసరం ఉండదు.

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో అబ్లేషన్ యంత్రం పెట్టాలని కోరడం సులువు, కోరవచ్చు కూడా. నేనైతే ముందు వేరొకటి అడుగుతాను: అమలాపురం, భీమవరం, పాలకొల్లు వంటి చోట్ల వారానికి ఒక రోజు స్కానూ సూది పరీక్షా ఒకే పూటలో జరిగే ఏర్పాటు. రైలు ఇంకా చేరని కోనసీమ లంకల నుంచి స్కాన్‌కొకసారి, సూదికొకసారి, రిపోర్టుకొకసారి బస్సెక్కమంటే రోగి మధ్యలోనే మానేస్తాడు. స్కాన్ రిపోర్టులో గడ్డ పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉండాలి. ఆ మూడింటినీ సెంటీమీటర్లలో తీసుకుని గుణించి 0.52తో హెచ్చవేస్తే పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. ఆ అంకె రిపోర్టులో లేకపోతే, ఏడాది తర్వాత గడ్డ తగ్గిందో పెరిగిందో చెప్పడానికి డాక్టరు దగ్గర ఆధారం ఉండదు.